ఘాట్ ఎక్కడం సరే, దించేది ఏ గేరులో?

ప్రశ్న: మాది చోడవరం. పాడేరు, హుకుంపేట, పెదబయలు మండలాల్లోని ఊళ్లలో సోలార్ పంపులు, మంచినీటి పైపులైన్లు బిగించే పని చేస్తాను. వారానికి నాలుగు రోజులు ఘాట్ ఎక్కి దిగాలి. పదేళ్లు నడిపిన మాన్యువల్ పికప్‌ను ఈ మధ్యే అమ్మేశాను. ఇంటికీ పనికీ కలిసి వచ్చేలా నాలుగు తలుపుల ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ కొందామని ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్ చూశాను. రెండింటిలోనూ మాన్యువల్, ఆటోమేటిక్ దొరుకుతున్నాయి. నాకు 51 ఏళ్లు, ఎడమ మోకాలు నొప్పి. నా భార్య నడిపేది గేర్లు లేని చిన్న కారు, మాన్యువల్ ఆమెకు రాదు. పనికి పెట్టుకునే కుర్ర డ్రైవర్లు ఆరు నెలలకొకరు మారిపోతుంటారు. మా మెకానిక్ 'ఆటోమేటిక్ లోడుతో లాగదు, ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు కాలిపోతాయి, దారిలో ఆగితే తోసి స్టార్ట్ చేయలేం' అంటున్నాడు. డల్లాస్‌లో ఉన్న మా బావమరిది 'ఇక్కడ మాన్యువల్ పికప్ ఎవరూ కొనరు, ఇంకేమీ ఆలోచించకుండా ఆటోమేటిక్ తీసుకో' అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

సమాధానం: నమస్కారం అండీ. ముందు నా మాట చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మీ మోకాలు, మీ ఇంట్లో వారి అలవాటు, మీ దగ్గరికి వచ్చిపోయే డ్రైవర్లు, ఇవన్నీ కలిపి చూస్తే మీరు ఆటోమేటికే తీసుకోవాలి. మాన్యువల్ గేరు అంటే ప్రాణం పెట్టే మనిషిని నేను. మలుపులో ఇంజిను శబ్దం విని, సరిగ్గా ఆ క్షణానికి మూడో గేరు నుంచి రెండుకు దించడంలో ఉన్న తృప్తి నాకు మరెందులోనూ దొరకలేదు. అయినా మీకు ఆటోమేటిక్ చెబుతున్నాను. అయితే మీ మెకానిక్ గారి మాటల్ని కొట్టిపారేయకండి. ఆయన చెప్పినవాటిలో ఒకటి తప్పు, ఒకటి సగం నిజం, ఒకటి పూర్తి నిజం. ఆ సగం నిజమే మీ ప్రాణాలకు సంబంధించినది.

దానికి ముందు ఒక చిక్కుముడి విప్పాలి. ఆటోమేటిక్ అన్న పేరుతో మన దగ్గర రకరకాల గేరుబాక్సులు అమ్ముతారు. మీ ఇంట్లో ఉన్న చిన్న కారు ఏఎంటీ రకం అయి ఉండవచ్చు. అలాంటి కార్లలో లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేరుబాక్సే. క్లచ్ తొక్కడం, గేరు వేయడం అనే పనులను మన కాలికీ చేతికీ బదులు చిన్న యంత్రాలు చేస్తాయి. అదే క్లచ్ ప్లేటు, అదే ఒరిపిడి. ఎత్తు మీద నెమ్మదిగా పాకిస్తే ఆ ప్లేటూ వేడెక్కుతుంది, గేరు మారేటప్పుడు తల ముందుకు ఊగుతుంది. ఇలాంటి బండిని ఘాట్ మీద చూసిన వాళ్లే చాలామంది 'ఆటోమేటిక్ కొండకు పనికిరాదు' అనే మాటను ఊరంతా పంచారు.

మీరు చూసిన రెండు పికప్‌లలో ఉన్నది వేరే జాతి. ఇంజినుకూ గేరుబాక్సుకూ మధ్య క్లచ్ ప్లేటు బదులు నూనెతో నిండిన గుండ్రటి ఉక్కు డబ్బా ఉంటుంది. దాన్ని టార్క్ కన్వర్టర్ అంటారు. ఇంజిను వైపు రెక్కలు నూనెను బలంగా విసురుతాయి, ఆ తోపుకు గేరుబాక్సు వైపు రెక్కలు తిరుగుతాయి. బండి నిలిచిన చోటు నుంచి కదలబోయే క్షణంలో ఈ డబ్బా ఇంజిను ఇచ్చే తిప్పుడు బలాన్ని ఇంచుమించు రెట్టింపు చేసి గేర్లకు అందిస్తుంది. వేగం అందుకున్నాక లోపల ఒక తాళం పడి ఇంజిను, గేరుబాక్సు నేరుగా కలిసిపోతాయి. నెమ్మదిగా ఎత్తు ఎక్కేటప్పుడు రాపిడికి అరిగే ప్లేటు ఇక్కడ లేదు. దానికి బదులు నూనె వేడెక్కుతుంది. ఈ నూనె సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

లాగే బలం విషయంలో మీ మెకానిక్ గారి మాట తప్పని అంకెలే చెబుతాయి. హైలక్స్‌లో రెండు రకాలకూ అదే 2.8 లీటర్ల డీజిల్ ఇంజిను, అదే 204 హార్స్ పవర్. కానీ టార్క్, అంటే తిప్పుడు బలం, మాన్యువల్‌లో 420 న్యూటన్ మీటర్లు, ఆటోమేటిక్‌లో 500. ఒకే ఇంజిను ఆటోమేటిక్‌తో జత కట్టినప్పుడే ఎక్కువ బలం ఇస్తోంది. అమెరికాలో ర్యామ్ కంపెనీ పెద్ద పికప్‌లలోనూ ఇదే జరిగింది. అక్కడ మాన్యువల్ ఇచ్చిన చివరి సంవత్సరం 2018. ఆ ఏడాది అదే కమ్మిన్స్ డీజిల్ ఇంజినుకు మాన్యువల్‌తో 660 పౌండ్ అడుగుల టార్క్ ఇచ్చి, ఆటోమేటిక్‌తో 930 దాకా ఇచ్చారు. వీ-క్రాస్‌లో మాత్రం ఈ తేడా లేదు. 1.9 లీటర్ల ఇంజిను, 163 హార్స్ పవర్, 360 న్యూటన్ మీటర్లు, రెండింటికీ ఒకటే. రెండింటికీ ఆరేసి గేర్లు.

మీ బావమరిది గారు చెప్పింది అక్కడి వరకు సరైనదే. ఫోర్డ్ ఎఫ్-150లో 2008 మోడల్ తర్వాత మాన్యువల్ లేదు. టయోటా టకోమా లాంటి ఒకటి రెండు మోడళ్లలో మాత్రం ఇంకా మిగిలింది. కానీ డల్లాస్ చుట్టూ ఉన్నది బల్లపరుపు నేల, మైళ్ల కొద్దీ తిన్నని హైవేలు. ఆయన ఆటోమేటిక్‌ను ఏ మాత్రం పట్టించుకోకుండా నడిపినా ఏమీ కాదు. మీకు అలా కుదరదు.

ఎక్కేటప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. వానాకాలంలో పాడేరు ఘాట్‌లో ఒక మలుపు దగ్గర లారీ ఆగిపోయింది. వెనుక పది బండ్లు. నేను మాన్యువల్ పికప్‌లో ఉన్నాను, నడుపుతున్నది మా ఇంటి దగ్గరి కుర్రాడు. ముందున్న బస్సు రెండు గజాలు కదిలినప్పుడల్లా వాడు హాఫ్ క్లచ్ మీద బండిని పట్టి నిలబెడుతున్నాడు. హ్యాండ్‌బ్రేకు వేయరా అని చెబితే, వెనక్కి జారుతుందేమోనని భయం. పావుగంట తిరక్కుండానే కాగితాలు తగలబడుతున్న వాసన, బానెట్ అంచు నుంచి సన్నగా పొగ. ఆ రోజు ఎలాగో పైకి చేరాం గానీ, ఆ తర్వాత వారమే క్లచ్ సెట్టు మొత్తం మార్పించాల్సి వచ్చింది. ఇలాంటి కుర్రాళ్లు మీ దగ్గర ఏడాదికి ఇద్దరు వస్తారు. ప్రతివాడూ మీ క్లచ్ మీదే పని నేర్చుకుంటాడు. ఆటోమేటిక్‌లో ఈ కష్టం ఉండదు. బ్రేకు తొక్కి ఉంచితే బండి ఉన్న చోటే ఉంటుంది, వదిలి యాక్సిలరేటర్‌ను కొద్దిగా తొక్కితే నెమ్మదిగా ముందుకు పాకుతుంది. ఒకటి మాత్రం కచ్చితంగా నేర్పండి. ఎత్తు మీద ఆగినప్పుడు బండిని నిలపాల్సింది బ్రేకుతోనే. యాక్సిలరేటర్‌ను కొద్దిగా తొక్కి పట్టి నిలబెడితే ఆ శక్తంతా నూనెను మరిగించడానికే పోతుంది.

ఊళ్లలోకి వెళ్లే మట్టిదారుల్లోనూ మీకు ఇదే సుఖం. బురదలో చక్రాలకు బలం ఒక్కసారిగా కాకుండా మెల్లగా అందుతుంది కాబట్టి ఊరికే తిరిగి గుంత తవ్వడం తగ్గుతుంది. గెడ్డ (వాగు) దాటేటప్పుడు మధ్యలో గేరు మార్చే పని లేదు. మాన్యువల్‌లో నీళ్ల మధ్య క్లచ్ తొక్కితే ప్లేట్ల మధ్యకు నీరు, ఇసుక చేరే ప్రమాదం ఉంది. పంపు దించడానికి బోరు దగ్గరికి ఎత్తు మీద వెనక్కి వెళ్లాల్సి వస్తుంది కదా, మాన్యువల్ క్లచ్‌ను అన్నిటికంటే త్వరగా చంపేది ఆ పనే. రివర్స్ గేరు ఇంచుమించు మొదటి గేరు లాంటిదే, వెనక్కి వెళ్లడానికి అంతకంటే నెమ్మది గేరు లేదు. అందులో మెల్లగా ఎక్కించాలంటే హాఫ్ క్లచ్ తప్పదు. మాన్యువల్ నడిపేవాళ్లు అలాంటప్పుడు 'ఫోర్ లో' (ఫోర్ వీల్ డ్రైవ్‌లో ఉండే నెమ్మది గేర్ల వరుస) వేసుకుంటే ఆ బాధ ఉండదు. ఈ చిన్న సంగతి చాలామంది డ్రైవర్లకు తెలియదు.

ఇక దిగడం. మీ మెకానిక్ గారి సగం నిజం ఇక్కడే ఉంది. మీ ఉత్తరం చదివిన వెంటనే నాకు గుర్తొచ్చింది కూడా ఇదే.

కొన్నేళ్ల కిందట ఒక మిత్రుడి ఆటోమేటిక్ పికప్ తీసుకుని పాడేరు నుంచి దిగుతున్నాను. వెనుక బరువు బాగానే ఉంది. ఉదయం ఎనిమిది గంటలు, మంచు ఇంకా విడలేదు. లీవరు డి (డ్రైవ్) మీద పెట్టి హాయిగా వస్తున్నాను. యాక్సిలరేటర్ మీద కాలు లేదు కాబట్టి గేరుబాక్సు 'ఈయనకు బలం అక్కర్లేదు' అనుకుని పై గేర్లలోకి వెళ్లిపోయింది. ఇంజిను శబ్దం తగ్గింది, బండి వేగం పెరిగింది. ప్రతి మలుపుకూ బ్రేకు తొక్కుతున్నాను. ఘాట్‌లో అమ్మవారి పాదాలు అనే చోటు దాటాక, ఎన్నో మలుపో గుర్తులేదు, కాలిన గోనెసంచి వాసన లోపలికి కొట్టింది. ముందు వెళ్తున్న లారీదేమో అనుకున్నాను. తర్వాతి మలుపులో బ్రేకు తొక్కితే రోజూ ఆగే చోట పెడల్ ఆగలేదు. స్పాంజి మీద కాలు పెట్టినట్టు ఇంకా కిందికి దిగింది. రెండోసారి, మూడోసారి గట్టిగా కొడితే కొంచెం పట్టింది. గుండె నోట్లోకి వచ్చింది. బండిని కొండ వైపు తుప్పలకు ఆనించి ఎలాగో ఆపాను.

దిగి చూస్తే ముందు చక్రాల దగ్గరికి చెయ్యి పోనివ్వనంత వేడి. నీళ్లు పోయకూడదని తెలుసు. కాలుతున్న డిస్కు మీద చన్నీళ్లు పడితే అది వంకర పోతుంది లేదా చిట్లుతుంది. చల్లారేదాకా కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు. పైనుంచి వచ్చిన ఒక లారీ మెల్లగా ఆగింది. నడుపుతున్నాయన పెద్దవయసు మనిషి. వాసన చూసే ఆయనకు అర్థమైంది. "ఏ గేరులో దించుతున్నారు?" అని అడిగారు. "ఇది ఆటోమేటిక్ అండీ" అన్నాను. "ఆటోమేటిక్ అయితే? బండికి బరువు లేదా?" అన్నారు. కోపంగా అనలేదు. ఆ ప్రశ్న ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నది మన డ్రైవర్లందరి నోటా వినిపించే మాట. నేను మాన్యువల్‌లో ఇరవై ఏళ్లు అదే పాటించాను. క్లచ్ పెడల్ లేని బండి ఎక్కగానే ఆ నియమం నాకు వర్తించదు అన్నట్టు ప్రవర్తించాను. తప్పు గేరుబాక్సుది కాదు, నాది. మీ మెకానిక్ గారు చూసిన కాలిన బ్రేకుల వెనుక కూడా ఇదే కారణం ఉండి ఉంటుంది. ఆటోమేటిక్ వల్ల బ్రేకులు కాలవు, ఆటోమేటిక్‌ను డి లోనే వదిలేసి ఘాట్ దిగితే కాలతాయి.

మందు బండిలోనే ఉంది. లీవరును డి నుంచి పక్కకు జరిపితే కూడిక, తీసివేత గుర్తులుంటాయి. హైలక్స్‌లో ఆ చోట ఎస్ అని రాసి ఉంటుంది. అక్కడికి జరిపి రెండో గేరు ఎంచుకుంటే బండి దాన్ని దాటి పై గేరుకు వెళ్లదు. ఇంజినే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. వేగం ఎక్కువగా ఉన్నప్పుడు కింది గేరు అడిగితే ఇంజిను దెబ్బతినకుండా గేరుబాక్సు ఒప్పుకోదు. కాబట్టి వాలు మొదలవకముందే, వేగం తక్కువగా ఉన్నప్పుడే గేరు దించాలి. అప్పుడు మలుపుల దగ్గర బ్రేకు ఒకసారి గట్టిగా తొక్కి వదిలితే చాలు. కాలు దాని మీదే ఆనించి ఉంచితే అది చల్లారే అవకాశమే ఉండదు. మీ తోటి డ్రైవర్లు కొందరు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించుతుంటారు. అది ఏ బండిలోనూ చేయకూడని పని. పైగా డీజిల్ మిగలదు కూడా. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే నేటి ఇంజిన్లు డీజిల్ చిమ్మడం ఆపేస్తాయి, చక్రాలే ఇంజినును తిప్పుతాయి. న్యూట్రల్ చేస్తే ఇంజిను ఆరిపోకుండా ఉండటానికి తాగుతూనే ఉంటుంది.

మాన్యువల్ పక్షాన కూడా నిజాయితీగా ఒక మాట చెప్పాలి. నడక వేగంలో, బాగా నిటారుగా ఉన్న మట్టిదారిలో దిగేటప్పుడు ఫోర్ లో, మొదటి గేరులో ఉన్న మాన్యువల్ పట్టినంత గట్టిగా ఆటోమేటిక్ పట్టదు. ఆ వేగానికి టార్క్ కన్వర్టర్ లోపలి తాళం పడదు, నూనె మధ్య కొంత జారుడు ఉంటుంది. దీన్ని పూడ్చడానికి వాలులో బ్రేకులను తనంతట తానే కొంచెం కొంచెం వేసే ఏర్పాటు ఇస్తున్నారు. మీరు కొనే వేరియంట్‌లో అది ఉందో లేదో కాగితం మీద చూసుకోండి, షోరూములో నోటిమాటను నమ్మవద్దు.

తోసి స్టార్ట్ చేయలేమన్నది పూర్తి నిజం. మీ పనిని బట్టి ఇది చిన్న విషయం కాదు. పెదబయలు అవతల ఏ ఊళ్లోనో రాత్రి బ్యాటరీ పడుకుంటే, మాన్యువల్‌ను నలుగురు తోస్తే లేస్తుంది. ఆటోమేటిక్‌ను నలభై మంది తోసినా లేవదు, ఎందుకంటే గేరుబాక్సులో నూనె ఒత్తిడి పుట్టించే పంపు ఇంజిను తిరిగితేనే తిరుగుతుంది. కాబట్టి మంచి జంప్ కేబుల్ గానీ, చేతిలో పట్టేంత స్టార్టర్ బ్యాటరీ గానీ సీటు కింద ఎప్పుడూ ఉండాలి. సెల్ఫ్ కొంచెం నీరసంగా తిరుగుతోందని అనిపించిన రోజే బ్యాటరీ మార్చేయండి, ఇంకో నెల లాగుదాం అనుకోవద్దు. ఇంకో సంగతి. ఆగిపోయిన ఆటోమేటిక్‌ను తాడు కట్టి నాలుగు చక్రాల మీద కొండ దించకూడదు. ఇంజిను ఆగి ఉంటే లోపల నూనె ప్రసరించదు, గేరుబాక్సు పొడిగా తిరిగి పాడవుతుంది. బండి మొత్తాన్ని ఎత్తి మోసుకెళ్లే వాహనం కావాలి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు రోడ్డు మీద సాయం చేసే ఏర్పాటు పాడేరు దాకా వస్తుందా, ఘాట్ కిందే ఆగిపోతుందా అని అడిగి రాయించుకోండి.

మరమ్మతు గురించి మీ మెకానిక్ గారి మనసులో ఉన్న అసలు దిగులు నాకు తెలుసు. క్లచ్ ప్లేటు ఆయన తన షెడ్డులోనే ఒక రోజులో మార్చేస్తారు. టార్క్ కన్వర్టర్ గేరుబాక్సును విప్పే చోటు మీకు విశాఖలో గానీ దొరకదు, ఖర్చు లక్షల్లో ఉండవచ్చు. కానీ ఈ గేరుబాక్సులు ఊరికే పాడవవు. వాటిని చంపేది పాతబడి, మాడిపోయిన నూనె. కొత్తగా ఉన్నప్పుడు ఎర్రగా ఉండే నూనె వేడి తిని తిని గోధుమ రంగులోకి, నలుపులోకి మారుతుంది. 'జీవితాంతం మార్చనక్కర్లేదు' అని ఎవరైనా చెబితే వినవద్దు. వారానికి నాలుగు రోజులు ఘాట్ ఎక్కే బండికి ఆ లెక్క పనికిరాదు. నా సలహా 60 వేల కిలోమీటర్లకు ఒకసారి, కంపెనీ చెప్పిన రకం నూనెనే పోయించండి. గెడ్డలో బాగా లోతుగా దిగిన తర్వాత ఒకసారి చూపించండి, నూనె పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తే నీరు చేరినట్టే. అలాగే బ్రేకు ఆయిల్ రెండేళ్లకోసారి. అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ వేడికి త్వరగా మరుగుతుంది. అప్పుడు పెడల్ ఎలా ఉంటుందో పైన చెప్పాను.

ధర తేడా మోడల్‌ను బట్టి చాలా మారుతుంది. ఒక్కోచోట కొద్ది మొత్తమే, ఇంకోచోట లక్షల్లో. అందుకని ఆన్ రోడ్ ధరలు రెండూ రాయించుకుని పక్కపక్కన పెట్టి చూడండి. మైలేజీలో తేడా మీరు భయపడేంత ఉండదు. మీ కుర్ర డ్రైవర్ల కుడికాలు వల్ల వచ్చే తేడా దానికంటే పెద్దది.

అడగకపోయినా ఒకటి చెప్పాలి. నాలుగు తలుపుల పికప్‌లో మనుషులకు చోటు పెరిగిన కొద్దీ వెనుక తొట్టి పొట్టిదవుతుంది, సుమారు 5 అడుగులే వస్తుంది. మీరు మోసే పీవీసీ పైపులు 20 అడుగులవి. పైన ర్యాక్ కట్టించుకోవాలి, లేదా చుట్టలుగా వచ్చే హెచ్‌డీపీఈ పైపుకే పరిమితం కావాలి. ఈ బండ్లు మోయగల బరువు కూడా మీ పాత పికప్‌తో పోలిస్తే చాలా తక్కువ. గేరు సంగతి తేల్చే ముందు ఆర్‌సీలో ఎంత బరువు రాస్తారో, మీ పనికి వాడుకునేలా ఏ రకం రిజిస్ట్రేషన్ అవుతుందో తేల్చుకోండి. పైపులు, పంపులు రోజూ టన్ను దాకా ఉంటాయంటే మీకు కావాల్సింది ఈ రెండు బండ్లూ కాదు, మళ్లీ ఒక మామూలు లోడు పికప్. అలాంటి వాటిలో అయితే మాన్యువలే తీసుకోండి, నేనే చెబుతున్నాను. నమ్మకమైన డ్రైవరు ఒక్కడే ఏళ్ల తరబడి నడుపుతాడన్నా, మోకాలి బాధ లేకపోయినా కూడా నా సమాధానం మారేది.

మీకు ఆ మోకాలు ఉంది. దాని గురించి మీరు ఒక్క ముక్కలో రాసి ఊరుకున్నారు, నేను ఊరుకోను. చోడవరం నుంచి పాడేరు వెళ్లి వచ్చేసరికి మాన్యువల్‌లో క్లచ్ ఎన్ని వందల సార్లు తొక్కాలో మీరే ఒక రోజు లెక్కపెట్టండి. సాయంత్రం కొండ దిగేటప్పుడు నొప్పి వల్ల క్లచ్ తొక్కడానికి బద్ధకించి పై గేరులోనే వదిలేసిన రోజులు మీకు లేవా? నొప్పి ఉన్న కాలు తప్పుడు నిర్ణయాలు తీసుకుంటుంది. మోకాలిని డాక్టరుకు చూపించండి, బండి మార్చడం దానికి వైద్యం కాదు. రెండోది, ఏ ఊళ్లోనో మీకు ఒంట్లో బాగోకపోతే మీ భార్య గారు బండి తీసుకుని కిందికి రాగలగాలి. ఆటోమేటిక్ వైపు నన్ను గట్టిగా లాగిన కారణం నిజానికి ఇదే.

టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లేటప్పుడు ఆమెను కూడా తీసుకెళ్లండి. షోరూము చుట్టూ ఒక రౌండు కొట్టించి పంపిస్తామంటే ఒప్పుకోవద్దు. నలుగురు ఎక్కి కూర్చుని ఏదైనా ఫ్లైఓవరు ఎత్తు మీద ఆపి, మళ్లీ కదిలించి చూడండి. వెనక్కి ఎక్కించి చూడండి. లీవరు పక్కకు జరిపి గేర్లు చేత్తో మార్చడం ఆమె కూడా చేయాలి. ఆపేటప్పుడు ముందు హ్యాండ్‌బ్రేకు వేసి, బండి బరువు దాని మీద కూర్చున్నాకే లీవరు పి (పార్కింగ్) లోకి తీసుకెళ్లాలి. ముందే పి లో పెడితే బరువంతా లోపల ఉన్న వేలెడంత కొక్కెం మీద పడుతుంది. మళ్లీ తీసేటప్పుడు 'టక్' మని గట్టిగా చప్పుడు వస్తే అదే కారణం. ఘాట్ మీద అయితే చక్రం కింద ఒక రాయి కూడా పెట్టండి.

బండి ఇంటికి వచ్చిన మొదటి ఆదివారం లోడు లేకుండా పాడేరు వెళ్లండి. మీరు, మీ భార్య గారు, అప్పటికి పనిలో ఉన్న డ్రైవరు. తిరుగు ప్రయాణంలో వాలు మొదలయ్యే ముందే బండి పక్కకు ఆపి, లీవరు పక్కకు జరిపి, రెండో గేరు అంకె స్టీరింగ్ ముందున్న మీటర్ల తెర మీద కనిపిస్తోందో లేదో ముగ్గురూ చూడండి. మొదటి సగం మీరు దించండి, రెండో సగం డ్రైవరు దించాలి. కింద ఆగాక దిగి, ముందు చక్రాల దగ్గర వాసన చూడండి. ఏ వాసనా లేకపోతే ఆ కుర్రాడికి తాళం ఇవ్వవచ్చు. ఆరు నెలల తర్వాత కొత్తవాడు వచ్చినప్పుడు మళ్లీ ఒక ఆదివారం.